అక్క పేరు మీద ఆడిన ఆట

ఆటసామాన్లుండే కిట్టు గదిలోకి మేనేజరు రావడమే అరుదు. వచ్చినా గుమ్మం దాటడు. ఇరవైమంది ఆడపిల్లల క్రికెట్ ప్యాడ్లు, బూట్లు, చెమటతో తడిసిన గ్లవ్సు ఉన్న గదికి దాని వాసన దానికుంటుంది. ఆయనకి అది పడదు. అలాంటివాడు ఆ సోమవారం పొద్దున్నే లోపలికొచ్చి, స్టూలు మీదున్న సాక్సులు పక్కన పెట్టి మరీ కూర్చున్నాడు. లోపల గ్లవ్స్ కుడుతున్న పిన్ని చెయ్యి ఆగింది. పెద్ద ఉద్యోగులు తీరిగ్గా కూర్చుని మాట్లాడారంటే ఎవరికో మూడినట్టేనని ఆమె అనుభవం.

ఆ మైదానంలో ఆమెను గ్లవ్స్ పిన్ని అంటారు. పంతొమ్మిదేళ్ళలో ఆడేవాళ్ళు ఎంతమంది మారినా ఆ పిలుపు మారలేదు. అరచేతి రబ్బరు ఊడితే అతికిస్తుంది, తోలు గట్టిపడితే నూనె రాసి మెత్తబరుస్తుంది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుండే తోలుముక్క తెగితే మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుడుతుంది. ఇప్పుడు కూడా ఆమె ఒళ్ళో కీపింగ్ గ్లవ్ ఒకటి బోర్లా పడుంది. సూది సగం దిగి ఆగింది.

“కిట్టు పని, బట్టలుతికే పని అంతా బయటి కంపెనీకి ఇచ్చేశారు పిన్నిగారూ. మనమిప్పుడు పెద్ద లీగ్ టీమ్ కదా, పద్ధతులు మారుతున్నాయి. శనివారం మ్యాచ్ వరకూ మీరుండండి,” అన్నాడు మేనేజరు. మంచివాడే. చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

“తర్వాత?”

“తర్వాత అంటే... పాత ప్లేయర్లైతే కోచింగ్ సహాయకులుగా ఉంచుకోమన్నారు. పిల్లలకి తర్ఫీదిచ్చే పని. మీరు ప్లేయరై ఉంటే ఈ క్షణమే మీ పేరు రాసేద్దును. మీకు ఆట ఎంత తెలుసో నాకు తెలీదా?”

పిన్ని సూదిని బయటికి లాగింది. దారం చిక్కుపడింది. చిక్కు తీస్తున్నట్టు తల వంచుకుంది.

మేనేజరు జేబులోంచి మడత కాగితం తీశాడు. అసలు పని ఇంకా మిగిలే ఉందన్నమాట. టీమ్ చరిత్ర చెప్పే గోడ ఒకటి కడుతున్నారు, మెయిన్ గేటు లోపల. మిల్లు ఆడవాళ్ళు మొదలుపెట్టిన టీమ్ ఇవాళ ఇంతదైందని అందరికీ తెలియాలి. తొలి పదకొండుమందికీ ఒక్కో బంకమట్టి పలక; పలక మీద కుడిచెయ్యి ఒత్తాలి, కింద పేరు, ఆడిన ఏళ్ళు. పోయిన ముగ్గురికీ టోపీ బొమ్మ చెక్కిస్తారు. శుక్రవారం మట్టి పని చేసే ఆయన వస్తాడు.

“ఏడో పేరు చూడండి. వికెట్ కీపర్. ఈవిడ మీ అక్కయ్యగారేనటగా! మూడేళ్ళు, రెండు కప్పులు. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?” మేనేజరు నిజంగానే ముచ్చటపడిపోయాడు. “ఆవిడ ఒప్పుకుంటే కీపింగ్ సహాయకురాలి పోస్టు ఆవిడకే. మీ ఇంటి మనిషే కాబట్టి మీకూ కాస్త ఊరట.”

పిన్నికి నవ్వొచ్చింది. అది బయటికొస్తే ఏడుపుగా వస్తుందని తెలిసి నోట్లో దారం పెట్టుకుని పళ్ళతో కొరికింది. అక్క ఏనాడూ బంతి పట్టుకున్న మనిషి కాదు. వంటింట్లో నిమ్మకాయ విసిరినా రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంటుంది.

మేనేజరు వెళ్ళాక ఆమె గ్లవ్ తిరగేసి లోపల చెయ్యి పెట్టింది, కుట్టు గుచ్చుకుంటుందేమో చూడటానికి. ఎడమ ఉంగరపు వేలు మధ్య కణుపు దగ్గర పక్కకి వంగి ఉంటుంది ఆమెకి. కుడి చిటికెన వేలు కొస కిందికి వాలిపోయి, ఎంత లేపినా లేవదు. ఏ గ్లవ్‌లో చెయ్యి పెట్టినా ఆ రెండు వేళ్ళూ వాటి దారి అవి వెతుక్కోవాలి. ‘ఎలా వంగాయి పిన్నీ?’ అని ఆడపిల్లలడిగితే తలుపు సందులో పడ్డాయంటుంది. రెండూనా? రెండూ. రెండు తలుపులు.

*

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని కూర తరుగుతోంది. రెండు గదుల మిల్లు క్వార్టరు. మిల్లు మూతబడి చాలాకాలమైనా, పర్మినెంటైన పనివాళ్ళని మాత్రం బతికున్నంతవరకూ ఉండనిచ్చారు. ఆ కాగితం ఫ్రేము కట్టించి దేవుడి పటంలాగా తలుపు మీద పెట్టింది అక్క.

పిన్ని చెప్పులు విప్పకుండానే అంతా చెప్పింది. అక్క కత్తిపీట వదిలి విన్నది. వినడం అయ్యాక మళ్ళీ తరగడం మొదలెట్టింది, ఇంకాస్త సన్నగా.

“చెప్పేద్దాం అక్కా. ఆడింది నేనని చెప్పేద్దాం. ముప్పైయొక్క ఏళ్ళైంది. ఇప్పుడెవరేం చేస్తారు?”

“ఏం చేస్తారా? నన్ను పర్మినెంటు చేసిందే ఆటగత్తెనని. ఆడలేదని తేలిందనుకో, ఆ పైనున్న కాగితం చిత్తు కాగితం. మర్నాడే సామాన్లు వీధిలో పడతాయి. అప్పుడు నీ కోచింగ్ పోస్టు పట్టుకుని ఎక్కడ పడుకుందామే ఇద్దరం?”

“నేను చూసుకుంటా.”

“ఆఁ, చూసుకుంటావు. శనివారం దాకా.”

మాట తూటాలా తగిలింది. అన్నాక అక్కకే బాధేసినట్టుంది, తరిగిన ముక్కలు అటూ ఇటూ కదిపింది. నాన్న పోయినప్పుడు ఇంటికో ఉద్యోగమని మిల్లువాళ్ళిచ్చిన ఒక్క పనిలో అక్క చేరింది. మిల్లులో పనిచేసేవాళ్ళే మిల్లు టీమ్‌లో ఆడాలి. పరిగెత్తేది, దూకేది, వీధి మొగలోంచి వచ్చే బంతిని ఒంటి చేత్తో పట్టేది చెల్లెలు. పనివాళ్ళ పట్టీలో ఉన్నది అక్క. ఇద్దరిదీ అప్పుడు ఒకే పోలిక, ఒకే ఎత్తు. టోపీ కాస్త కిందికి లాగితే ఎవరికి తెలుస్తుంది? అలా మొదలైంది.

“నేనేం ఊరికే కూర్చున్నానా?” అంది అక్క, ఇంకా తల ఎత్తకుండానే. “మ్యాచ్ ఉన్న రోజల్లా నన్ను లోపలుంచి బయట తాళం వేసుకుని పోయేదానివి. మైదానంలో ఉండాల్సిన మనిషి వీధిలో కనబడకూడదుగా. దగ్గొచ్చినా దిండులో మొహం పెట్టుకుని దగ్గేదాన్ని. అక్కణ్ణుంచి గోల వినపడేది. వికెట్ పడిందో, నువ్వు పడ్డావో తెలిసేది కాదు. నువ్వొచ్చి తాళం తీసేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.”

“తెలుసక్కా.”

“నీ వేలు విరిగితే నేను ఆరువారాలు కట్టు కట్టుకుని మగ్గం దగ్గర నిలబడ్డా.”

“తప్పు చేతికి కట్టుకున్నావు.”

ఆ మాటకి ఇద్దరికీ నవ్వాగలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి కట్టుకుంది మరి. చెల్లెలిది ఎడమచెయ్యి, అద్దంలోలాగా అక్క తన కుడిచేతికి చుట్టింది. రెండు రోజులు అలాగే పనికెళ్ళింది. అసలు సంగతి తెలిసిన మిల్లు టీమ్ కెప్టెన్ చూసి, గుండె ఆగినంత పనై, మరుగుదొడ్డి వెనక్కి లాక్కెళ్ళి చెయ్యి మార్చి కట్టింది. నవ్వి నవ్వి అక్క కళ్ళు తుడుచుకుంది. నవ్వు అయిపోయాక గదిలో మళ్ళీ శనివారమే మిగిలింది.

*

మంగళవారం మధ్యాహ్నం పిన్ని కెప్టెన్ ఇంటికెళ్ళింది. మోకాళ్ళు రెండూ మార్పించుకుని, కర్ర పట్టుకుని నడుస్తున్నా ఆవిణ్ణి ఇప్పటికీ అందరూ కెప్టెన్ అనే అంటారు. గోడ మీదకి పేర్ల పట్టీ తయారుచేసి ఇచ్చింది ఆవిడే. తలుపు తీసి పిన్ని మొహం చూడగానే విషయం తెలిసిపోయినట్టు పక్కకి తప్పుకుంది.

“కూర్చో. ఏడో పేరు గురించేగా?”

“మీరొక్కరు చెప్తే నమ్ముతారు కెప్టెన్. నేను చెప్తే పోస్టు కోసం కట్టుకథ అల్లిందంటారు.”

కెప్టెన్ కర్ర పిడి తుడుచుకుంది. గోడమీద పాత టీమ్ ఫోటో వేలాడుతోంది. వెనక వరసలో చివర, టోపీ కళ్ళదాకా లాక్కుని, ప్యాడ్లతో నిలబడిన సన్నటి పిల్ల. ఎవరనుకుంటే వాళ్ళు.

“నేను చెప్తే ఏమవుతుందో తెలుసా? అర్హత లేని మనిషిని మూడేళ్ళు ఆడించామని ఒప్పుకున్నట్టు. ఆ మూడేళ్ళ ఆటలన్నీ కొట్టేస్తారు. రెండు కప్పులూ పోతాయి. నీ ఒక్కదాని పేరు కోసం పదిమంది పేర్లు నేను చెరపాలి. అందులో ముగ్గురు పోయారు కూడా. వాళ్ళ పిల్లలు శనివారం వస్తున్నారు, అమ్మ పలక చూడ్డానికి. వాళ్ళకేం చెప్పమంటావు?”

“మరి నాకేం చెప్తారు?”

“అప్పుడు నాకు కీపర్ కావాలి. మీ అక్కకి పర్మినెంటు కావాలి. నీకు ఆట కావాలి. ముగ్గురికీ కావాల్సింది దొరికింది.” ఆవిడ కర్రని గట్టిగా నేలకి ఆనించింది. “ఇన్నేళ్ళ తర్వాత వచ్చి నన్నెందుకే చంపుతావు?”

పిన్నికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క మాటా అబద్ధం లేదు, అదే ప్రాణసంకటం. లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక్కి తిరిగింది.

“ఫైనల్లో మీ బంతికి నేను చేసిన స్టంపింగ్ గుర్తుందా?”

“గుర్తు లేకపోవడమేం? బ్యాటింగ్ చేసేది కాలెత్తిందో లేదో కూడా నాకు కనపడలేదు. బెయిల్స్ ఎగరడమే చూశా.” కెప్టెన్ మొహం ఒక్క క్షణం వెలిగింది. “నా ఆటలో అలాంటి కీపర్‌ని మళ్ళీ చూడలేదు,” అంది. ఆ తర్వాత మొహం పక్కకి తిప్పుకుంది.

*

బుధవారం ప్రాక్టీసు అయ్యాక, ఇప్పటి టీమ్ కీపర్ కిట్టు గదికొచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పెద్ద పేరుంది గాని, బ్యాట్ పట్టినవాళ్ళ వెనక వైపు పడే బంతి అందుకోవడానికి ఇంకా తడబడుతుంది. చూపుడు వేలు వాచి ఉంది.

పిన్ని వేలు పట్టుకుని కణుపు కణుపూ నొక్కి చూసింది. ఎముక బాగానే ఉంది. పక్క వేలితో కలిపి టేపు చుడుతూ, “బంతికి ఎదురెళ్తున్నావు నువ్వు,” అంది. “వేళ్ళు బంతి వైపు చూపిస్తే విరుగుతాయి. నేల వైపు చూపించు. అది నీ దగ్గరికొస్తుంది, దానికి వేరే పనేముంది? నువ్వు చేతులతో కాస్త వెనక్కి వెళ్ళు, అంతే.”

“బ్యాటర్ అడ్డమొచ్చి కనపడదు పిన్నీ.”

“కనపడదు. అందుకే కాళ్ళు ముందు పోవాలి. కళ్ళతో వెతికితే లేటవుతుంది.” ఆమె స్టూలు జరిపి, గోడవారన ఉన్న మూడు బ్యాట్లు స్టంప్స్‌లాగా నిలబెట్టి, వాటి వెనక గొంతుక్కూర్చుంది. యాభైమూడేళ్ళ మోకాళ్ళు టకటకమన్నాయి. ఎడమకాలు పక్కకి పోయింది, దాని వెనకే నడుమూ, చేతులూ ఒక్క కదలికలో పోయాయి. లేని బంతిని పట్టి, తిరిగి బ్యాటు కొసకి తాకించింది. బ్యాటు కింద పడింది.

పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. “ఇదెక్కడ నేర్చుకున్నారు?”

పిన్ని నేల మీద చెయ్యానించి లేవబోయి, లేవలేక, ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. చెప్పెయ్యాలనిపించింది. “చూసీ చూసీ,” అంది చివరికి. “ఇన్నేళ్ళు చూస్తే గోడక్కూడా వస్తుంది.”

*

గురువారం పొద్దున్న ఆమె మేనేజరు గదికెళ్ళింది. రాత్రంతా మాటలు పేర్చుకుంది. ‘సార్, ఏడో పేరు మా అక్కది కాదు, నాది.’ అంతే. ఏడంటే ఏడే మాటలు. గది బయట వరండాలో బల్ల వేసి, ఆఫీసు ఆయా ఒకామె రెండు పాత కప్పులని బూడిదతో తోముతోంది. ఏళ్ళ తరబడి బీరువా మీద దుమ్ములో పడున్నవి. ఒకదాని చెవి సొట్టపోయి ఉంది; బస్సులో వస్తూ ఆనందంలో కింద పడేశారు, పడేసింది పిన్నే. తోముతున్నకొద్దీ కింద చెక్కిన అక్షరాలు పైకి తేలుతున్నాయి. పదకొండు పేర్లు.

“చూడమ్మా, బంగారంలా వచ్చింది!” అంది ఆయా సంబరంగా.

లోపల మేనేజరు ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు: “అవునండీ, మీ అమ్మగారి పలక సిద్ధమవుతోంది. తప్పకుండా రండి. మీరెంత ఏడుస్తున్నారో నాకు అర్థమవుతోందండీ.” ఫోన్ పెట్టి, పిన్నిని చూసి చెయ్యి చూపించాడు. “చెప్పండి పిన్నిగారూ.”

“సార్, ఆ ఏడో పేరు...”

“ఆఁ. మీ అక్కయ్యగారు రేపు వస్తారుగా?”

బయట ఆయా కప్పు మీద నీళ్ళు పోసిన చప్పుడు వినబడింది. ఇప్పుడనకపోతే ఇక ఎప్పటికీ అనలేదు. ఆ సంగతి ఆమెకి అద్దంలో చూసినంత తేటగా తెలుసు. తెలిసే, “వస్తుంది సార్. ఎన్నింటికో కనుక్కుందామని,” అంది.

“పదకొండింటికి.”

కిట్టు గదికి తిరిగొచ్చి తలుపు వేసుకుని, ఉతికిన ప్యాంట్ల గుట్టలో మొహం పెట్టి ఏడ్చింది. గట్టిగా ఏడవడానికి కూడా లేదు, అవతల పిల్లలు బూట్లు వేసుకుంటున్నారు. అక్క దిండులో మొహం పెట్టుకుని దగ్గడం గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అక్క, ఎంతో మామూలు సంగతి చెప్తున్నట్టు మొదలెట్టింది. “మట్టి పని చేసే ఆయనకి మొహాలు తెలీవు. మేనేజరు పదకొండింటికి మీటింగ్‌లో ఉంటాడట, ఫోన్ చేసి కనుక్కున్నా. నువ్వెళ్ళి చెయ్యి పెట్టి వచ్చెయ్. పేరు నాదైనా చెయ్యి నీదే ఉంటుంది. వంకర వేలుతో సహా. ఒక విధంగా న్యాయమే కదే?”

పిన్ని కంచంలో చెయ్యి అలాగే ఆగిపోయింది. అక్క మంచికే చెప్తోంది, అబద్ధంలోనే కాస్త నిజం ఇమిడ్చి ఇవ్వాలని చూస్తోంది. కాని పిన్ని అలిసిపోయింది. ఒకసారి అక్క పేరు మీద ఆడింది, గెలిచింది, వేళ్ళు విరగ్గొట్టుకుంది, సంతకం కూడా అక్కదే నేర్చుకుని పెట్టింది. మళ్ళీ ఇప్పుడు, యాభైమూడేళ్ళకి, దొంగలాగా పదకొండింటికి వెళ్ళి తన చెయ్యి తనే అక్కడ వదిలిపెట్టి రావాలా?

“నేను పెట్టను,” అంది.

“ఏంటే?”

“పేరు నీది. చెయ్యి కూడా నువ్వే పెట్టుకో. ఈసారి నేను పెట్టనక్కా.”

పుట్టి బుద్ధెరిగాక అక్క మాటకి కాదనడం అదే మొదలు. అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. పిన్ని అన్నం మొత్తం తినేసి, కంచం కడుక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది.

*

శుక్రవారం పొద్దున్న అక్క లేవకముందే పిన్ని మైదానానికి వెళ్ళిపోయింది. అప్పగింతల పని ఉంది. ఏ పెట్టెలో ఏమున్నాయో చీటీలు రాసి అతికించింది. కొయ్య సుత్తి, మైనపు దారం, నూనె సీసా ఒక సంచిలో వేసుకుంది. అవి తన సొంతం. పదకొండైంది. పదకొండున్నరైంది. గేటు వైపున్న కిటికీ తెరవలేదు.

పన్నెండు కావస్తుండగా కీపర్ పిల్ల పరిగెత్తుకొచ్చింది. “పిన్నీ, మీ అక్కయ్యగారొచ్చారు! అయ్యో పాపం, వేళ్ళకి పెద్ద కట్టు! పొద్దున తలుపు సందులో పడ్డాయట. మీ ఇంట్లో తలుపులు ఏం తలుపులు పిన్నీ?”

“ఏ చెయ్యి?”

“కుడి.”

పిన్ని పెట్టె మీద కూలబడింది. ముప్పైయొక్క ఏళ్ళకి అక్క సరైన చేతికి కట్టు కట్టుకుంది. నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. మట్టి ఆయన ఈ రాత్రికే బట్టీలో పెట్టి కాల్చాలి, ఆగనన్నాడట. ఎడమ చెయ్యైనా పెట్టమన్నాడట. ఆవిడ తల అడ్డంగా ఊపి, దండం పెట్టి వెళ్ళిపోయిందట.

సాయంత్రం ఇంటికెళ్తే అక్క లేదు. పక్కింటికెళ్ళిందో, కావాలని తప్పుకుందో. పొయ్యి గట్టు మీద మూత పెట్టని పళ్ళెం ఉంది. అందులో తడిపిన పిండి ముద్ద, ఎండి అంచులు పగిలి ఉంది. దాని మీద చెయ్యి ఒత్తిన గుర్తు. అయిదు వేళ్ళూ గీత గీసినట్టు తిన్నగా, ఎక్కడా ఒక్క వంకర, ఒక్క కాయ లేకుండా ముచ్చటగా పడ్డాయి. పక్కనే అదే పిండి మీద మళ్ళీ ఒత్తినట్టుంది. ఈసారి చిటికెన వేలు కావాలని వంచి ప్రయత్నించింది. అది చెయ్యిలాగా లేదు, ఏ పక్షో కాలు మోపినట్టుంది.

పిన్ని ఆ పళ్ళెం ముందు నిలబడిపోయింది. అక్క పొద్దున్నంతా ఒక్కతే ఇక్కడ కూర్చుని, తనలాగా వేలు వంచడానికి పడ్డ పాట్లు కళ్ళకి కట్టాయి. నిన్నటి కోపం ఎటు పోయిందో తెలియలేదు. పిండి పారెయ్యబోయి, పారెయ్యలేక, మూత పెట్టింది.

*

శనివారం తాళంచెవి అప్పగించడానికి ఎంతోసేపు పట్టలేదు. కంపెనీ మనిషి గదంతా ఒకసారి చూసి, ముక్కు మూసుకుని, చీటీలు బాగా రాశారమ్మా అన్నాడు. అంతే. పంతొమ్మిదేళ్ళు అయిపోయాయి.

గేటు దగ్గర గోడ ముందు జనం ఉన్నారు. కాల్చిన పలకలు ఎర్రగా రెండు వరసల్లో మెరుస్తున్నాయి. పోయినవాళ్ళ పిల్లలు టోపీ బొమ్మల మీద చేతులు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. కెప్టెన్ కర్ర మీద వాలి తన చెయ్యి తనే చూసుకుంటోంది. ఏడో పలక మీద చెయ్యి లేదు, టోపీ లేదు. నున్నటి మట్టి. కింద అక్క పేరు, మూడు ఏళ్ళు.

“వేలికి దెబ్బ తగిలిందట,” అని మేనేజరు ఎవరికో చెప్తున్నాడు. “సరిగ్గా ఇప్పుడే తగలాలా!”

జనం పల్చబడ్డాక పిన్ని దగ్గరికెళ్ళి ఆ పలక మీద చెయ్యి పెట్టింది. మట్టి ఇటుకలా గట్టిపడింది. ఎంత అదిమినా ఏమీ పడదు. తనే పెట్టనంది కదా. చెయ్యి తీసేసరికి చెమట తడి మాత్రం వంకర వేలితో సహా కాసేపు కనబడి, ఎండకి ఆరిపోయింది. కెప్టెన్ చూసింది. కర్ర చంక కింద పెట్టుకుని రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. అందరి ముందూ. ఎవరికీ అర్థం కాలేదు.

“ఒసేయ్,” అని వెనక నుంచి పిలుపు. అక్క! ఇస్త్రీ చీర, చేతికి ఆ కట్టు. మైదానం గేటు దాటి అక్క లోపలికి రావడం నిన్నటికి ముందు ఏనాడూ లేదు. “ఇక్కడ కూర్చోడానికి టికెట్ కావాలా?”

“అక్కర్లేదు. నువ్వు ప్లేయర్‌వి.”

“చాల్లే.”

ఇద్దరూ మెట్ల మీద, బౌండరీ దగ్గర నిలబెట్టిన సైట్ స్క్రీన్ తెర పక్కన కూర్చున్నారు. మ్యాచ్ మొదలైంది. అక్క కాసేపు ఒళ్ళో చెయ్యి వైపు చూసుకుని, ముందుకు చాపింది. “విప్పు. తీట పెడుతోంది.”

పిన్ని ముడి విప్పింది. గట్టిగానే కట్టుకుంది, నిజంగా విరిగినదానికి కట్టినంత గట్టిగా. చుట్టు చుట్టుకీ లోపల్నుంచి తెల్లగా ముడతలుపడ్డ వేళ్ళు బయటపడ్డాయి. అయిదూ తిన్నగా ఉన్నాయి.

“వాళ్ళ పోస్టు నాకొద్దని చెప్పేశా,” అంది అక్క, మైదానం వైపే చూస్తూ. “నీకిప్పించమన్నా. కుదరదన్నారు.”

“తెలుసు.”

“రేపట్నుంచి ఏం చేస్తావే?”

“తెలీదక్కా.”

నిజంగానే తెలీదు. మైదానంలో ఒక్కసారిగా పెద్ద గోల లేచింది. అక్క ఉలిక్కిపడి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అలవాటు అలాంటిది. “ఏమైంది? ఎవరు పడ్డారు?”

“ఎవరూ పడలేదు. వికెట్. మనకే.”

అక్క ఊపిరి వదిలింది గాని చెయ్యి వదల్లేదు. తర్వాత ఓవర్‌కి స్పిన్ వేసే పిల్లకి బంతి ఇచ్చారు. దూరంగా ఉన్న కీపర్ లేచి, నడుచుకుంటూ ముందుకొచ్చి, స్టంప్స్‌కి దాదాపు ఆనుకుని గొంతుక్కూర్చుంది. వేళ్ళు నేల వైపు చూపించింది. పిన్ని మెడ నిటారుగా అయింది.

“ఇంతకీ నువ్వెక్కడ నిలబడేదానివే?” అంది అక్క.

పిన్ని చెయ్యెత్తింది. తన వంకర వేలు చూపిస్తే అక్క చూపు ఎటో పోతుంది. అందుకని అక్క చెయ్యే పట్టుకుని, ఆ తిన్నటి వేలిని కాస్త ఎడమకి జరిపి, కీపర్ కూర్చున్న చోటికి సరిగ్గా తిప్పి పెట్టింది.

అక్క ఆ వేలి వెంట చూసింది. బ్యాట్ పైకి లేచింది, బంతి దాని పక్కనుంచి సర్రున దూసుకుపోయింది, గ్లవ్స్‌లో టప్పుమంది.

“అంత దగ్గరగానా?” అంది అక్క.